పందెపు కారు లోపలి అమరిక

డాష్‌బోర్డు అన్న మాట మోటారు కార్ల కంటె పాతది. గుర్రపు బండ్ల కాలంలో, పరుగెత్తే గుర్రపు డెక్కల నుండి లేచిన బురద బండిలోని వారి బట్టల మీద పడకుండా ముందు వైపున ఒక చెక్క పలకనో తోలు పలకనో నిలబెట్టేవారు. ఆ పలకకే డాష్‌బోర్డు అని పేరు. గుర్రం పోయి ఇంజను వచ్చింది. పలక మాత్రం మిగిలిపోయింది. దాని మీద మొదట ఒకటి రెండు ముళ్ళ మీటర్లు, తరువాత రేడియో, యీ మధ్య సినిమా తెర వంటి అద్దం, యిలా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మనవాళ్ళు వాటి నడుమ వెంకటేశ్వరస్వామి పటానికో, చిన్న వినాయకునికో కూడ చోటు చూస్తారు.

పందెపు కారులో యీ కథ వెనక్కు నడుస్తుంది. చేరినవన్నీ తీసివేస్తూ పోగా చివరకు ఏది మిగలాలి అన్నదే అక్కడి ప్రశ్న. దీనితో మన సంసార పక్షపు పాఠకులకు ఏమి పని అని అడగవచ్చు. పని వున్నది. బెంగుళూరులో ఇంజనీరింగు చదివే మన తెలుగు పిల్లలు కొందరు చదువుతోపాటు కళాశాల షెడ్డులో కూర్చుని కారు తయారు చేస్తున్నారు. ఇంట్లోవారికి ఆ సంగతి తరచు డబ్బు అడిగే ఫోను రూపంలోనే తెలుస్తుంది. కారు అనగానే తండ్రికి ఖర్చు, తల్లికి ప్రమాదం కళ్ళ యెదుట మెదులుతాయి. రెండూ సబబైన భయాలే. కాని వెళ్ళి చూచినప్పుడు దేనిని చూడాలో తెలియక, రంగు బాగున్నదనో, సీటు ఇరుకుగా వున్నదనో చెప్పి తిరిగి వస్తారు.

విడి భాగాలు తెచ్చుకొని యింటి వద్ద కూర్చుకొనే కార్లు ఇంగ్లండులో పాత ముచ్చట. 1957లో కోలిన్ చాప్‌మన్ గారి లోటస్ సంస్థ సెవెన్ అనే చిన్న రెండు సీట్ల కారును తెచ్చింది. పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడి భాగాలుగా కొంటే పడేది కాదు. ఆ విధంగా చాలమంది భాగాలు తెచ్చుకొని యింటి వెనుక షెడ్డులో బిగించుకొన్నారు. 1973లో ఆ పన్ను పద్ధతి మారింది. ఆ యేడే సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వారి చేతికి వచ్చాయి. మన దేశంలో ఆలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ అనే చిన్న సంస్థ యీ సెవెన్‌నే ఒజ్జబంతిగా పెట్టుకొని రోడ్‌స్టర్ అనే కారు చేసింది. అయితే సొంతంగా మార్చిన బండిని మన రోడ్ల మీద తిప్పడం తేలిక కాదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిపరచింది. కాబట్టి యీ సరదా తీరవలసింది పందెపు బాట మీదనే. షెడ్డు నుండి అక్కడి దాకా బండి లారీ యెక్కి పోతుంది.

విద్యార్థులు సొంతంగా ఒంటి సీటు పందెపు కారు తయారు చేసి పోటీకి తెచ్చే పద్ధతి 1981లో అమెరికాలో మొదలైంది. మన ఊళ్ళో ఆర్.వి. ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల జట్టు 2003లో ఏర్పడి విదేశపు పోటీలకు కూడ వెళ్ళి వచ్చింది. ఆ జట్టు పేరు అశ్వ రేసింగ్. గుర్రం పోయిందన్నాము గాని, చూడండి, పేరులో మళ్ళీ వచ్చి కూర్చున్నది!

ఇక్కడి పిల్లలు బండిని చాలవరకు కోయంబత్తూరుకు తీసుకొనిపోతారు. ఫార్ములా భారత్ అనే పోటీ జరుగుతూ వచ్చింది అక్కడి కారి మోటార్ స్పీడ్‌వే మీదనే. ఆ పేరులోని కారి మన మోటారు కారు కాదు, ఎస్. కరివర్ధన్ గారు. లక్ష్మీ మిల్లు వారి కుటుంబం, అనగా తరాల నాడు తమిళదేశం చేరిన తెలుగు నాయుళ్ళ కుటుంబం వారిది. మారుతి 800 కారులోని మూడు సిలిండర్ల ఇంజను పెట్టి, 1980ల చివరలో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు పందెపు కారును ఆయన తయారు చేయించారు. చవకలో పందెం నేర్చుకొనే అవకాశం దానితో కుర్రవాళ్ళకు దొరికింది. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ కారులోనే. కరివర్ధన్ గారు 1995లో చిన్న విమానం కూలి మరణించారు.

మేము చూచిన షెడ్డు ఒక ఆఫీసు మిత్రుని కుమారుడు పనిచేసేది. కళాశాల పేరుతో, పిల్లవాని పేరుతో యిక్కడ పని లేదు. కిందటి యేడు కట్టిన కారులోనే లోపలి భాగమంతా విప్పి యీ యేడు కొత్తగా అమరుస్తున్నారు. విప్పిన పాత పలక గోడకు ఆనించి వున్నది. చూడ ముచ్చటైన పలక! అయిదు గుండ్రని మీటర్లు, వాటికి మెరిసే వెండి అంచులు, కింద ఒకే రకం మీటలు ఎనిమిది వరుసగా, వెనుక నీలిరంగు దీపాలు. జె.సి. రోడ్డు దుకాణాలలో వారాల తరబడి తిరిగి తెచ్చినవట. ఇంత అందమైన దానిని ఎందుకు తీసివేశావు నాయనా అని అడిగాము.

"నడిపేటప్పుడు దానిని చూడడానికి తీరిక లేదు బాబాయిగారూ" అన్నాడు.

లెక్క వేసి చూచాము. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 20 మీటర్లు. ఒక్క సెకండు తల దించి ముల్లు ఎక్కడున్నదో చూచి ఎత్తేసరికి బండి మన వీధిలో రెండు మూడు ఇళ్ళు దాటిపోతుంది. పోనీ, చూచి తెలుసుకొనేది ఏమున్నది? పందెంలో వేగానికి హద్దు లేదు. వేగం చెప్పే మీటరు అక్కడ అలంకారమే. కావలసింది ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నది, గేరు ఎప్పుడు మార్చాలి అన్నది. దానికి కొత్త పలక పై అంచున చిన్న దీపాల వరుస పెట్టారు. పచ్చ, పసుపు, ఎరుపు వరుసగా వెలుగుతూ పోతాయి. చూపు దారి మీదనే వున్నా కంటి కొసకు అందుతాయి. నూనె వత్తిడికి అంకెలు అక్కరలేదు. వత్తిడి పడిపోతే ఇంజను పట్టుకొనిపోవడానికి ఎంతోసేపు పట్టదు గనుక, పెద్ద ఎర్రదీపం ఒకటి చాలు. ఎరుపు రంగును ఇక దేనికీ అలంకారంగా వాడలేదు. వెండి అంచులు కూడ పోయాయి. ఎండ వాటి మీద పడి కంట్లో కొడుతుందట. పలక అంతా మెరుపు లేని నల్లరంగు.

పాతకాలపు పందెగాళ్ళు ముళ్ళ మీటర్లతోనే ఒక ఉపాయం చేసేవారు. అన్నీ సవ్యంగా వున్నప్పుడు ప్రతి ముల్లూ నిట్టనిలువుగా పైకి చూపేటట్లు మీటర్లను తిప్పి బిగించేవారు. అంకె చదవనక్కరలేదు; పక్కకు వాలిన ముల్లు ఒక్కటే కంటికి తగులుతుంది. ఇది మాకు బాగా నచ్చింది. రిజిస్టర్లతో పనిచేసేవారికి యీ సుఖం తెలుసు: సరిగా వున్న వంద పద్దుల నడుమ తప్పిన ఒక్క పద్దే బయటపడేటట్లు గళ్ళు గీసుకోవడంలోనే పనితనమంతా వున్నది.

కంటి తరువాత చెయ్యి. నడిపే వాని చేతులకు మందపు తొడుగులుంటాయి. ఎనిమిది మీటలు ఒకే మోస్తరుగా వుంటే తడిమి తెలుసుకొనడం అసాధ్యం. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి బి-17 విమానాలు దిగిన తరువాత, పైలట్లు రెక్కల మీటకు బదులు చక్రాల మీట లాగి విమానాన్ని నేల మీద పొట్టతో కూర్చోబెట్టిన సందర్భాలు చాల జరిగాయి. ఆల్ఫోన్స్ చాపనీస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వచ్చి చూస్తే, రెండు మీటలూ ఒకే ఆకారంలో పక్కపక్కన వున్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి, రెక్కల మీటకు రెక్క వంటి పిడి తగిలించమన్నాడు. తప్పు పైలటుది అని ఫైలు మూసివేసి వుంటే ఆ ప్రమాదాలు ఆగేవి కావు. మా షెడ్డు కుర్రవాళ్ళు ఎనిమిది మీటలను మూడు చేశారు. మూడింటికీ మూడు ఆకారాలు. నడుమ రెండు వేళ్ళ ఎడం. ఇవి గాక స్టీరింగు పక్కనే, చెయ్యి చాపితే తగిలే చోట, అన్నిటినీ ఒక్కసారిగా ఆపివేసే పెద్ద ఎర్ర గుండీ. అటువంటివే ఇంకా రెండు కారుకు అటూ ఇటూ బయట వుంటాయి. లోపలి మనిషికి స్పృహ తప్పినా బయటివారు ఆపవచ్చు. బ్రేకు కాలికింద కుంగి చివరికంటా పోతే దానంతట అదే ఇంజనును ఆపే మీట ఒకటి వెనుక దాగి వున్నది. దానిని నడిపేవాడు కూర్చున్న చోటు నుండి మళ్ళీ వెయ్యలేడు. ఇవన్నీ నిబంధనలు కోరేవే.

ఇక సీటు. సీటు ఇరుకు అని బాధపడే తల్లులు దీనిని చదవాలి. ఇరుకే కావాలి. మలుపులో దేహం పక్కకు జారితే మనిషి స్టీరింగును పట్టుకొని వేలాడతాడు. పట్టుకొని వేలాడేవాడు దానిని తిప్పలేడు. అందుకని పెద్ద ప్లాస్టికు సంచిలో రెండు ద్రవాలు కలిపి పోసి, అది నురుగై పొంగుతుండగా నడిపేవాడిని దాని మీద కూర్చోబెడతారు. గట్టిపడేసరికి వాని వీపు అచ్చు దిగుతుంది. పొంగేటప్పుడు వేడెక్కుతుంది కూడాను. కుర్రవాడు కూర్చున్నచోట మెలికలు తిరుగుతుంటే తక్కినవారు నవ్వడం చూచాము.

చిక్కు ఎక్కడంటే, పోటీలో అసలైన పరీక్ష 22 కిలోమీటర్ల పరుగు. వెయ్యి మార్కులలో దానికే అన్నిటికంటె పెద్ద వాటా. సగం దూరం ఒకరు, సగం మరొకరు నడపాలి. మనిషి దిగి మనిషి యెక్కడానికి మూడు నిమిషాలు. ఈ జట్టులో ఒకడు గుంటూరు నుండి వచ్చిన ఆరడుగుల కుర్రవాడు. రెండవది అయిదడుగుల అమ్మాయి. ఒకరి అచ్చులో మరొకరు ఎలా కూర్చుంటారు? చివరకు పెద్ద అచ్చు ఒకటి అడుగున స్థిరంగా వుంచి, దాని మీద అమ్మాయి అచ్చును పళ్ళెంలో పళ్ళెం వలె దిగవేశారు. పెడల్స్ ఒక జారుడు పట్టా మీద ముందుకు వెనుకకు జరిగి టక్కున ఆగుతాయి. కాగితం మీద మూడు గీతలలో తేలిన యీ పనికి ఆరు వారాలు పట్టిందట. కారు మొత్తంలో మాకు మెచ్చుకోబుద్ధి వేసింది దీనినే గాని ఇంజనును కాదు.

బెల్టుకు ఆరు పట్టీలు: భుజాలకు రెండు, నడుముకు రెండు, కిందికి జారకుండా తొడల నడుమ నుండి రెండు. ఒక్క మెలికతో ఆరూ ఊడాలి. స్టీరింగు చక్రం కూడ లాగితే చేతికి వచ్చెయ్యాలి. ఎందుకంటే మరొక నిబంధన వున్నది. హెల్మెటు, తొడుగులు, నిప్పు తట్టుకొనే దుస్తులతో పూర్తిగా కూర్చున్నవాడు అయిదు సెకండ్లలో బయటపడి, రెండు పాదాలూ నేల మీద పెట్టాలి. కుర్రవాళ్ళు దీనిని అభ్యాసం చేస్తున్న రోజున మా మిత్రుడు, ఆయన భార్య కూడ వచ్చారు. ఆవిడ గడియారం చూస్తూ నిలబడ్డారు. మొదట ఏడు సెకండ్లు, తరువాత ఆరున్నర. బెల్టు తిప్పడంలో ఆలస్యమవుతున్నదని కుర్రవాళ్ళు వాదించుకొంటున్నారు.

"బెల్టు కాదురా, ప్రతిసారీ నీ ఎడమ మోకాలు ఆ పలక కింది అంచుకు కొట్టుకుంటున్నది, నేను చూస్తూనే వున్నాను" అన్నారు ఆవిడ.

నిజమే. పలక కింది అంచు తిన్నగా వున్నది. లోపలి తీగల కట్ట దానికింద వేలాడుతున్నది. మరునాడే పీణ్యలో రేకు కోసేవారి వద్దకు పోయి అంచును మోకాళ్ళ పైన రెండు విల్లులుగా కోయించారు. తీగల కట్టను ఎడమ గోడకు ఎత్తి కట్టారు. తరువాతి వారం నాలుగున్నర సెకండ్లు వచ్చింది. ఆ తల్లి మళ్ళీ మూడుసార్లు చేయించి చూచారు. ఆ తరువాతనే కారు సంగతి ఇంట్లో మామూలు గొంతుతో మాట్లాడుతున్నారట.

ఖర్చు విషయంలో మా మాట ఒకటి. కార్బన్ ఫైబరు పలక చేయించాలని జట్టులో ఒక వర్గం పట్టుబట్టింది. చేతిలోకి తీసుకొంటే బాగానే వుంటుంది, బరువూ తగ్గుతుంది. కాని సన్నని అల్యూమినియం రేకు ఆ పని చేస్తున్నప్పుడు మిగిలిన డబ్బు బెల్టుకు, హెల్మెటుకు పోవడం మంచిది. పాత సరుకులో చవకగా దొరికిందని తేదీ దాటిన బెల్టు తెస్తే పరీక్షకులు చూడగానే తోసివేస్తారు. డబ్బు పంపే తండ్రి రసీదులో మొదట చూడవలసిన వరుస అది.

పోటీకి పంపే ముందు బండికి పూజ చేశారు. ఆవిడ తెచ్చిన నిమ్మకాయను పలక మీద పెట్టబోతే కొడుకు ఆపాడు. లోపల కట్టివేయని వస్తువేదీ వుండరాదు, వుంటే పెడల్ కిందికి దొర్లుతుంది. కుంకుమబొట్టు పలకకు పెడదామంటే దీపాల వరుస అడ్డం. చివరకు బయట, ముక్కు మీద పెట్టి, నిమ్మకాయలు నాలుగూ చక్రాల కింద వుంచారు. వాటిని తొక్కించి బండిని లారీ మీదికి నెట్టారు.