టక్‌.. టక్‌.. ఆ చప్పుడు ఎక్కడిది?
బండికి తర్వాత తగిలించిన సామాన్ల బోల్టులు చూసేదెవరు?

హోసూరు: బేరికె నుంచి సూళగిరికి పెళ్లికి బయలుదేరారు ఆలుమగలు. ఆయన రైతు. వంద సీసీ బండి. ఆమె పట్టుచీర కట్టుకుని ఒకవైపుకి కూర్చుంది. ఒళ్లో రెండేళ్ల పాప. ఊరు దాటగానే వెనక నుంచి టక్‌.. టక్‌ అని చప్పుడు మొదలైంది. గుంతల రోడ్డు కదా, ఏదో మోగుతోందిలే అనుకున్నాడు ఆయన. నాలుగైదు కిలోమీటర్లు పోయాక చప్పుడు ఆగింది. హమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాడు.

సర్దుకోలేదు. చప్పుడు చేస్తున్న బోల్టు పూర్తిగా ఊడి ఎక్కడో పడిపోయింది. చీర చక్రంలో పడకుండా కాపాడాల్సిన శారీ గార్డు ఒంటి బోల్టు మీద వేలాడసాగింది. మలుపు దగ్గర బండి ఒక గుంతలో పడి లేచింది. గార్డు కడ్డీ వెళ్లి చువ్వల్లో ఇరుక్కుంది. వెనక చక్రం పట్టేసింది. మలుపు కాబట్టి స్పీడు లేదు. ముగ్గురూ పక్కనున్న మట్టిలో పడ్డారు. మోచేతులు గీరుకుపోయాయి, చీర చిరిగింది, పాపకి ఏమీ కాలేదు. అదే నాలుగు వరసల హైవే మీద, వెనక కంటైనర్‌ లారీ వస్తుండగా అయ్యుంటే? ఆ మాట తలుచుకోవడానికి కూడా ఇష్టపడటం లేదు ఆ ఇంట్లో వాళ్లు.

ఊడిన బోల్టు చూస్తే చిటికెన వేలంత లేదు.

కంపెనీది వేరు.. మనం తగిలించింది వేరు

షోరూము నుంచి బండి వచ్చాక మనవాళ్లు ఊరుకోరు. ముందు క్రాష్‌ గార్డు, తర్వాత వెనక ఇనుప క్యారియరు. పాలవాళ్లయితే క్యాన్ల కొక్కేలు, పూలవాళ్లయితే గులాబీ కట్టలు పెట్టుకోవడానికి వెడల్పు ఫ్రేము. కుర్రాళ్లయితే ఫాగ్‌ లైట్లు, పెద్ద హారను, హ్యాండిల్‌ మీద మొబైల్‌ స్టాండు. బాగలూరు, బేరికె, డెంకణికోట దారుల్లో ఏ బండిని ఆపి చూసినా కంపెనీ ఇవ్వనివి కనీసం రెండు మూడు వస్తువులు కనిపిస్తాయి.

కంపెనీలో బిగించే బోల్టుకి ఒక లెక్క ఉంటుంది. ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగిస్తారు. హోసూరు వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1980లో టీవీఎస్‌ 50 మోపెడ్‌ తయారై దేశమంతా తిరిగింది ఇక్కడి నుంచే. సిప్‌కాట్‌ కార్ఖానాల్లో రోజంతా టార్కు చూసి బోల్టులు బిగించే కుర్రాడే, షిఫ్టు దిగి తన బండెక్కాక, దానికి తగిలించుకున్న క్రాష్‌ గార్డు వంక ఏడాదైనా చూడడు!

అలాగని సర్వీసుకి ఇస్తే చూస్తారా అంటే అదీ అనుమానమే. ఆయిలు మారుస్తారు, చైను సర్దుతారు, బ్రేకులు చూస్తారు. వాళ్ల జాబితాలో ఉండేవి కంపెనీ భాగాలు. బయట షాపులో కొన్న క్యారియరు ఆ జాబితాలో ఉండదు. అమ్మినవాడు బిగించి పంపేశాడు, సర్వీసువాడు ముట్టుకోడు, యజమానికి అసలు గుర్తే లేదు. మరి ఆ బోల్టుని చూసేదెవరు?

ఇంకో తమాషా కూడా ఉంది. ఇక్కడి షెడ్లలో మూడు భాషలు నడుస్తాయి. బోల్టు లూజుగా ఉందని తెలుగాయన చెబితే, తమిళ కుర్రాడు ముసిముసిగా నవ్వుతాడు. తమిళంలో ‘లూసు’ అంటే తిక్కమనిషి. తిక్క బోల్టు అన్నా తప్పేమీ లేదులెండి. ఎప్పుడు ఏం చేస్తుందో దానికే తెలియదు.

ఎందుకు వదులవుతుంది?

గట్టిగా బిగించిన బోల్టు తనంతట తాను ఎలా ఊడుతుంది? చాలామందికి ఇదే సందేహం. బోల్టును బిగించినప్పుడు అది రబ్బరులా కాస్త సాగుతుంది. కంటికి కనిపించనంత. ఆ సాగుడే రెండు ముక్కల్ని నొక్కి పట్టుకుంటుంది. బండి అదురుకు ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి పక్కకి జరుగుతుంటే, మరల మధ్య పట్టు జారి నట్టు తనే వెనక్కి తిరుగుతుంది. గెర్‌హార్డ్‌ యుంకర్‌ అనే జర్మన్‌ ఇంజినీరు 1969లోనే దీన్ని యంత్రం మీద పరీక్షించి చూపించాడు. పైకీ కిందకీ లాగడం కంటే, అడ్డంగా జరగడమే బోల్టుకి పెద్ద శత్రువు.

అదే పరీక్షలో తేలిన మరో సంగతి మన మెకానిక్కులకి అంతగా రుచించదు. స్ప్రింగు వాషరు వేస్తే ఊడదన్నది గట్టి నమ్మకం. అలాంటి అడ్డం కదలికను స్ప్రింగు వాషరు పెద్దగా ఆపలేదు. వాషరు వేశాం కదా అని నిశ్చింతగా ఉండటం పొరపాటు.

బయట సామాన్లకి ఇంకో జబ్బు ఉంది. వాటి మీద పెయింటు మందంగా ఉంటుంది. బిగించాక కొద్ది రోజులకి బోల్టు తల కింద పెయింటు నలిగి పల్చబడుతుంది. రబ్బరు ముక్క ఉంటే అది అణుగుతుంది. వెంట్రుకంత ఖాళీ వచ్చినా చాలు, పట్టు పోతుంది. అందుకే కొత్తగా ఏది తగిలించినా వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. చాలామంది చేయని పని ఇదే.

పాల బండ్లు వేరే కథ

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పడేది పాల బండ్లు. నలభై లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు అదనం. రెండు వైపులా రెండు క్యాన్లంటే మనిషిని మించిన బరువు నాలుగు బోల్టుల మీద వేలాడుతున్నట్టే. అదీ నిలకడగా ఉండే బరువు కాదు. క్యాను సగం నిండితే పాలు లోపల అటూ ఇటూ కొట్టుకుంటాయి. ప్రతి ఊపుకీ కొక్కెం బోల్టు అడ్డంగా కదులుతుంది. యుంకర్‌ యంత్రం మీద చేసి చూపించింది మన పాలవాళ్లు రోజూ తెల్లవారుజామున రోడ్డు మీద చేస్తున్నారన్నమాట. నెలకోసారి చూస్తామంటే వీళ్లకి కుదరదు. వారానికోసారి పానా పెట్టాల్సిందే. క్యాన్లు ఎక్కించక ముందు కొక్కేన్ని రోజూ చేత్తో ఊపి చూడాలి.

క్రాష్‌ గార్డు సంగతి ఇంకోలా ఉంటుంది. కొన్ని బండ్లకి దాని కింది కాలు ఇంజిన్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టుకే తగిలిస్తారు. పాత బోల్టు తీసి పొడుగుది వేస్తారు. అది వదులైతే గార్డు మాత్రమే ఊగదు, ఇంజిన్‌ పట్టు కూడా పోతుంది. ఫుట్‌రెస్టులో కొత్తగా జివ్వుమని అదురు మొదలైతే ముందు అనుమానించాల్సింది ఆ బోల్టునే. అక్కడ దొరికిన బోల్టు వేయకూడదు. కంపెనీ చెప్పిన రకమే వేయాలి. మిగతా చోట్ల కూడా బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉన్నది అడిగి తీసుకోవడం మంచిది. అచ్చు లేనివి మెత్తవి కావచ్చు. మెత్తది గట్టిగా బిగిస్తే సాగిపోతుంది.

రెండు నిమిషాల పని

ఇంజిన్‌ ఆపి, బండిని సెంటర్‌ స్టాండు మీద నిలబెట్టాలి. తగిలించిన ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని గట్టిగా ఊపాలి. బండి మొత్తం కదిలితే మంచిదే. వస్తువు ఒక్కటే కదిలిందా, అక్కడ పని ఉంది. వెనక చక్రాన్ని చేత్తో తిప్పి శారీ గార్డుకి, చువ్వలకి మధ్య ఖాళీ చూడాలి. సైలెన్సరు వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ దగ్గర చెయ్యి పెట్టకండి.

ఆ తర్వాత కళ్లకి పని. నట్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే అది మామూలు తుప్పు కాకపోవచ్చు. ఇనుము ఇనుముతో రాసుకుని రాలిన పొడి కావచ్చు. వాషరు చుట్టూ తళతళలాడే ఉంగరం లాంటి గీత ఉన్నా అదే అర్థం. అన్నిటికంటే తేలిక ఉపాయం ఇంట్లోనే ఉంది.. గోళ్ల రంగు! బిగించిన నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకి ఒకే గీత గీయాలి. గీత తెగి, రెండు ముక్కలూ పక్కకి జరిగి కనిపిస్తే నట్టు తిరిగినట్టే. పానా తీయకుండానే తెలిసిపోతుంది. కార్ఖానాల్లోనూ ఇలా రంగు గుర్తు పెడతారు. అక్కడ పెన్ను, ఇక్కడ సీసా. అంతే తేడా.

పానాల విషయానికొస్తే ఎక్కువ భాగం 10 నంబరుతోనే అయిపోతుంది. అది ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి. ఎనిమిది మిల్లీమీటర్ల దానికి 12 గానీ 13 గానీ కావాలి. అయితే వదులైందన్న కోపంతో కాలు పెట్టి తొక్కి బిగించొద్దు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి సుమారు 10 న్యూటన్‌ మీటర్లు చాలు. మామూలు మాటల్లో చెప్పాలంటే ఆరంగుళాల పానా చివర ఏడు కిలోల లాగుడు. ఎనిమిది మిల్లీమీటర్ల దానికి 22 వరకు. అంతకు మించితే మర పోతుంది. మర పోయిన చోట ఏ నట్టూ నిలవదు.

యమహా బండ్లున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వాటిలో కుడి అద్దానికి ఎడమ మర ఉంటుంది. మామూలుగా తిప్పితే బిగియడం పోయి ఊడొస్తుంది. ఇది తెలియక పానాతో బలం చూపి మర పాడుచేసుకునే ప్రమాదం ఉంది.

మళ్లీ మళ్లీ ఊడుతుంటే లోపల నైలాన్‌ ఉంగరం ఉండే నైలాక్‌ నట్టు వేయించుకోవచ్చు. విప్పిన ప్రతిసారీ కొత్తది వేస్తేనే పట్టు ఉంటుంది. సైలెన్సరు దగ్గర మాత్రం ఇది పనికిరాదు, వేడికి నైలాన్‌ మెత్తబడుతుంది. మరకి పూసే జిగురు మందు కూడా దొరుకుతుంది. నీలం రంగుది తీసుకోవాలి, తర్వాత పానాతో విప్పుకోవచ్చు. ఎర్రది వేస్తే కాల్చి వేడి చేస్తే తప్ప రాదు. పూసే ముందు మరల్లో ఆయిలు, మట్టి లేకుండా తుడవాలి. పూశాక ఒక రోజు ఆరనివ్వాలి.

తీసేస్తే పోలా?

శారీ గార్డుతో ఇంత తంటా ఎందుకు, పీకేస్తే పోలా అనేవాళ్లూ ఉన్నారు. కుర్రాళ్ల బండ్లకి ఇది కనిపించడం తగ్గింది కూడా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండి తీరాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో ఈ దారుల్లో తిరిగేవాళ్లకి చెప్పాల్సిన పనిలేదు. గార్డు ఉండాలి, బిగుతుగా ఉండాలి. రెండూ కావాలి.

దారిలో ఒక బోల్టు ఊడిందని తెలిస్తే? తీగతో కట్టి ఎలాగోలా పోదాం అన్నది మన అలవాటు. నంబరు ప్లేటుకైతే షాపు దాకా ఆ తీగ సరిపోతుంది. చక్రం పక్కనుండే గార్డుకి మాత్రం వద్దు. తీగ తెగితే మళ్లీ అదే కథ. మిగిలిన బోల్టులు కూడా విప్పి గార్డును పూర్తిగా తీసి పెట్టుకోవాలి. వెనకున్న ఆమెను బస్సెక్కించాలి. గార్డు లేని బండి మీద చీరతో కూర్చోబెట్టడం కంటే టికెట్‌ డబ్బులు నయం. బస్సులో అరగంట ఆలస్యమైతే పెళ్లివాళ్లు ఏమీ అనుకోరు.

బేరికె రైతు ఇప్పుడు సీటు కింద 10 నంబరు పానా ఒకటి పెట్టుకున్నాడు. అయినా నెలకోసారి దాన్ని తీస్తాడో లేదో ఆయనకే నమ్మకం లేదు. ఆమె మాత్రం బండెక్కే ముందు వంగి శారీ గార్డును పట్టుకుని ఒకసారి ఊపి చూస్తోంది. అది ఊగిందంటే ఎక్కదు.