వడగట్టే రేడియోనే మంచి రేడియో

తుఫాను వేళ బాపట్ల తీరంలోని హామ్ (అమెచ్యూర్) రేడియో సభ్యులు చెప్పే మాటలు గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాదులోనో ఉన్న సహాయక బృందాలకు ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు వినిపించాలంటే ఎలాంటి రిసీవర్ కొనాలి? కొనబోయేవారి చూపు ముందుగా రెండు అంకెల మీద పడుతుంది: ఎన్ని ఛానళ్ళు గాలిస్తుంది, ఎంత బలహీనమైన సంకేతాన్ని పట్టుకుంటుంది. ఈ పనికి ఆ రెండూ అంత ముఖ్యం కావు. అక్కర్లేని శబ్దాన్ని ఎవరి సాయమూ లేకుండా ఎంత గట్టిగా తోసిపుచ్చగలదన్నదే అసలు పరీక్ష. రేడియో చేతిలో ఉన్న మనిషి గరగర మొదలైతే ఛానల్ మారుస్తాడు, గొంతు తగ్గితే వాల్యూమ్ పెంచుతాడు, యాంటెనా అటూఇటూ తిప్పి చూస్తాడు. ఇంటర్నెట్‌లో వినేవాడు యాభై కిలోమీటర్ల అవతలో, మూడువందల కిలోమీటర్ల అవతలో ఉంటాడు. అతని చేతికి ఏ మీటా అందదు. అతని తరఫున ప్రతి నిర్ణయమూ యంత్రమే తీసుకోవాలి. ఆ నిర్ణయాల్లో ఎక్కువ భాగం దేన్ని లోపలికి రానివ్వకూడదన్నవే.

ఈ ఏర్పాటు ఎందుకో ఈ తీరానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమను, పక్కనున్న అప్పటి గుంటూరు జిల్లా తీరాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది చనిపోయారని అధికారిక లెక్క. 2010 మేలో లైలా తుఫాను, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటాయి. పెనుగాలికి స్తంభాలు కూలి కరెంటు పోతుంది, టవర్ల బ్యాటరీలు అయిపోయాక ఫోన్లు మూగబోతాయి. ఆ సమయంలో బ్యాటరీ మీద నడిచే చిన్న రేడియో ఎంత పని చేయగలదో 2004 డిసెంబరు 26న అండమాన్‌లో తేలింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. సునామీ రాగానే వారి కేంద్రం క్షేమ సమాచారాలు చేరవేసే పనికి మళ్ళింది.

అయితే గాలిలో వినబడేదంతా ప్రసారం చేసే హక్కు మనకు లేదు. అమెరికాలో పోలీసు, అగ్నిమాపక దళాల సంభాషణలను ఇలా ఇంటర్నెట్‌లో పెట్టడం మామూలు విషయం. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం రేడియో పరికరం ఉంచుకోవడానికే లైసెన్సు అడిగింది. దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం అనుమతి లేకుండా ఇతరుల సందేశాలను పట్టుకోవడాన్ని జైలుశిక్ష పడే నేరంగా చూస్తుంది. కాబట్టి మన మాట పరీక్ష రాసి లైసెన్సు పొందిన హామ్‌ల 144–146 మెగాహెర్ట్జ్ పట్టీకే పరిమితం. అక్కడ రహస్య సంకేత భాష నిషిద్ధం, అంటే మాటలన్నీ బాహాటమే. అయినా ప్రసారం మొదలుపెట్టేముందు కేంద్ర వైర్‌లెస్ విభాగం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడమే క్షేమం. ఒక పరిమితిలా కనిపించే ఈ నియమం రిసీవర్ ఎంపికను తేలిక చేస్తుంది. వందల ఛానళ్ళు గాలించే స్కానర్ మనకు అక్కర్లేదు. పైగా గాలించే యంత్రం ఒక ఛానల్ దగ్గర ఆగేలోగా అక్కడి తొలిమాట పోతుంది. ‘నిజాంపట్నం నుంచి’ అన్న ఆ తొలిమాటే పోతే మిగతా సందేశం ఎక్కడిదో తెలియదు. ఒకటి రెండు ఛానళ్ళ మీద కదలకుండా కూర్చునే రిసీవర్ కావాలి.

ఇక నేల సంగతి. ఈ పట్టీలోని తరంగాలు దాదాపు చూపుమేరే ప్రయాణిస్తాయి. యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అది ఎన్ని కిలోమీటర్లు ‘చూడగలదో’ వస్తుంది. రెండు చివరల దూరాలను కలుపుకోవాలి. తీరంలో తుఫాను షెల్టరు దగ్గర 4 మీటర్ల ఎత్తున ఒక యాంటెనా, ఇవతల మేడ మీద 9 మీటర్ల ఎత్తున మరొకటి ఉంటే మొత్తం 20 కిలోమీటర్లు. అంటే బాపట్ల మాట పొన్నూరు చేరడమే గగనం. ఇవతలి యాంటెనా 20 మీటర్ల కళాశాల భవనం మీదికి ఎక్కితే 27 కిలోమీటర్లు. అదే రెడ్డిరాజులు కోట కట్టిన కొండవీడు మీద, సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున పెడితే దాదాపు 80 కిలోమీటర్లు. అక్కడి నుంచి నిజాంపట్నం గాలిలో 60 కిలోమీటర్లలోపే, చీరాల సుమారు 50. పత్తి, మిరప పండే ఈ చదును నేలలో ఎంత ఖరీదైన రిసీవరైనా ఎత్తు చేసే మేలు చేయలేదు.

కానీ ఎత్తు ఉచితంగా రాదు. కొండ మీది యాంటెనాకు తీరంలోని బలహీనమైన గొంతుతోపాటు విజయవాడ రెయిన్‌బో 102.2 లాంటి ఎఫ్ఎం కేంద్రాల హోరు కూడా చేరుతుంది. ఇప్పుడు చౌకగా దొరికే పెన్‌డ్రైవ్ లాంటి ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ రేడియో) డాంగుల్ నిజానికి డిజిటల్ టీవీ చూడటానికి తయారైంది. అందులోని చిప్ రేడియో రిసీవర్‌గానూ పనికొస్తుందని ఔత్సాహికులు 2012 ప్రాంతంలో కనిపెట్టారు. అది సంకేతాన్ని 8 బిట్లలో, అంటే 256 మెట్లలో కొలుస్తుంది. కాగితం మీది లెక్క ప్రకారం, ఒకేసారి వచ్చే పెద్ద, చిన్న సంకేతాల శక్తి నిష్పత్తి సుమారు 65 వేలు దాటితే చిన్నది మునిగిపోతుంది. 12 బిట్ల రిసీవర్‌లో ఈ నిష్పత్తి కోటి అరవై లక్షలు దాటుతుంది. యాంటెనాకూ రిసీవర్‌కూ మధ్య 88–108 మెగాహెర్ట్జ్‌ను అడ్డుకునే ఫిల్టర్ పెడితే చౌక డాంగుల్ కూడా చాలావరకు తేరుకుంటుంది. కాబట్టి ముందు ఫిల్టర్, ఆ తర్వాతే ఖరీదైన రిసీవర్.

సున్నితత్వం గురించి కూడా ఇదే చెప్పాలి. 0.2 మైక్రోవోల్టు సంకేతాన్ని పట్టగలనని రిసీవర్ పెట్టె మీద రాసి ఉండవచ్చు. చుట్టుపక్కల గోల ఒక మైక్రోవోల్టు ఉన్నచోట ఆ అంకెకు విలువ లేదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు, చౌకరకం ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు, ఉప్పుగాలి పట్టిన ఇన్సులేటర్ల దగ్గర చిటపటలాడే నిప్పురవ్వలు అన్నీ ఈ గోలను పెంచేవే. దీనికి సముద్రం ఇంకొకటి జోడిస్తుంది. నిర్మలమైన రాత్రుల్లో నీటి మీది తేమగాలి పొర మీద వెచ్చని పొడిగాలి పరుచుకున్నప్పుడు ఆ రెంటి మధ్య తరంగాలు వంగి వందల కిలోమీటర్లు వచ్చేస్తాయి. ఎక్కడో దూరాన అదే ఛానల్‌లో మాట్లాడేవారు మన ప్రసారంలో దూరుతారు. దీనికి విరుగుడు టోన్ స్క్వెల్చ్. పంపేవారు గొంతు కింద చెవికి పెద్దగా తెలియని 88.5 హెర్ట్జ్ లాంటి స్వరాన్ని కలుపుతారు, అది వినిపిస్తేనే రిసీవర్ తలుపు తెరుస్తుంది. ఈ సౌకర్యం లేని రిసీవర్‌ను ఎంత తక్కువకు ఇచ్చినా ఈ పనికి తీసుకోకూడదు.

మరి చేతిలో పట్టుకునే వాకీటాకీ చాలదా? చాలదనడానికి కారణం దాని లోపలి అమరికలోనే ఉంది. బ్యాటరీ ఆదా కోసం అది క్షణంలో కొంతసేపు నిద్రపోయి లేస్తుంది, ఆ నిద్రలో మొదటి అక్షరాలు పోతాయి. ఆ సదుపాయాన్ని ఆపేసినా, రాత్రింబవళ్ళు ఛార్జర్‌కు తగిలించి ఉంచితే బ్యాటరీ చెడుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చే ధ్వని వాల్యూమ్ మీట కదిలినప్పుడల్లా మారుతుంది. వాహనాల్లో బిగించే 12 వోల్టుల హామ్ సెట్టు మేలు: దాని వెనకనుండే డేటా జాక్ స్థిరమైన స్థాయిలో ధ్వనినిస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపే తీగలో చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 50 హెర్ట్జ్ హమ్ము పోతుంది. డాంగుల్ ఎంచుకుంటే వేడి సంగతి చూసుకోవాలి. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన చౌక డాంగుల్‌లో పౌనఃపున్యాన్ని నిలిపే స్ఫటికం పది లక్షలకు 50 వంతులు తప్పితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర 7.25 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగినట్టే. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో అది సగం కన్నా ఎక్కువ. ఉష్ణోగ్రతను సరిదిద్దుకునే స్ఫటికం ఉన్న రకంలో ఆ తప్పు 145 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది.

ఇంటర్నెట్టే పోతే ఈ ప్రసారం ఏం లాభమన్నది బలమైన అభ్యంతరం. అందుకే రిసీవర్ తీరంలో ఉండకూడదు, తుఫాను దెబ్బ తక్కువ తగిలే లోపలి ఎత్తుల మీద ఉండాలి. తీరానికి కావలసింది బ్యాటరీ, లైసెన్సున్న మనిషి, ప్రసారం చేసే సెట్టు మాత్రమే. గొంతుకు సెకనుకు 16 కిలోబిట్లు సరిపోతాయి కనుక రోజుకు సుమారు 173 మెగాబైట్లే ఖర్చు. బలహీనమైన మొబైల్ లింకు కూడా దాన్ని మోస్తుంది. రిసీవర్, చిన్న కంప్యూటర్ కలిసి 8 వాట్లు తిన్నా 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగంతో మూడు రోజులు నడుస్తాయి. లింకు తెగితే మాటలన్నీ సమయంతో సహా అక్కడే రికార్డు కావాలి, తిరిగి కలిశాక వెళ్ళాలి. ఆపదలో ఉన్నవారి వివరాలు అందరి చెవినా పడి పుకార్లు పుడతాయన్న భయమూ న్యాయమైనదే. ప్రసారానికి పాస్‌వర్డ్ పెట్టి జిల్లా విపత్తు కేంద్రానికీ, సహాయక బృందాలకూ మాత్రమే ఇవ్వడం దానికి జవాబు. ఈ విషయంలోనూ వడపోతే అవసరం.

కాబట్టి చేతిలో ఉన్న డబ్బును ఈ వరుసలో ఖర్చు పెట్టాలి: మొదట ఎత్తు, మంచి యాంటెనా తీగ, తర్వాత ఎఫ్ఎం ఫిల్టర్, తర్వాత టోన్ స్క్వెల్చ్, స్థిరమైన ధ్వని ఇచ్చే రిసీవర్, ఆ పైన బ్యాటరీ. కొన్నాక రిసీవర్ పక్కన కూర్చుని బాగుందనుకోవడం పరీక్ష కాదు. వేరే ఊళ్ళో ఒక మనిషి ఫోన్లో వారంపాటు విని, గరగర ఎన్నిసార్లు దూరింది, తొలిమాట ఎన్నిసార్లు పోయింది, పక్క ఛానల్ ఎప్పుడు చొరబడిందో రాసుకోవాలి. అక్టోబరు తుఫానులు మొదలయ్యేలోగా ఆ పట్టికలోని లోపాలు ఒక్కొక్కటిగా సరిచేసినవారి ప్రసారమే ఆపద రాత్రి నమ్మదగినదవుతుంది.