ఒక్క మీట, నాలుగు నంబర్లు

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏదైనా డీటీపీ సెంటర్లో అరగంట కూర్చుని చూడండి. ఆపరేటర్ ఎడమచేతి చిటికెన వేలు కంట్రోల్ మీట దగ్గరే కాపురం పెట్టి ఉంటుంది. పెళ్లిపత్రిక అయినా కరపత్రం అయినా కంట్రోల్ సి, కంట్రోల్ వి లేకుండా పని సాగదు. అయితే తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉన్నప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో కంట్రోల్ సి ఉలకదు, పలకదు. ఆపరేటర్ ఇంగ్లిషుకు మారి, కాపీ చేసి, మళ్లీ తెలుగులోకి వస్తాడు. తన కంప్యూటరే పాతబడిందనుకుంటాడు. నిజానికి ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు చూడాల్సిన నంబరు ఒకటైతే, చూసింది ఇంకొకటి.

సి మీట ఒక్కటే అయినా, దాని వెనక కనీసం నాలుగు నంబర్లు తిరుగుతుంటాయి.

మొదటిది 46. ఇది స్కాన్ కోడ్, అంటే కీబోర్డులో ఆ మీట ఉన్న చోటు. పైన ఏ అక్షరం ముద్రించారో దీనికి పట్టదు. రెండోది 67. విండోస్ ఆ మీటకు పెట్టిన పేరు అనుకోండి. దీన్ని వర్చువల్ కీ కోడ్ అంటారు. ఇంగ్లిషు పెద్ద అక్షరం సి కోడ్ కూడా ఇదే. మూడోది 3. పాత టెలిటైపుల కాలం నుంచి కంట్రోల్ మీట చేసే పని అక్షరం కోడ్‌లోంచి 64 తీసేయడం. 67లోంచి 64 పోతే 3. లినక్స్ టెర్మినల్లో కంట్రోల్ సి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోయేది ఈ 3 వల్లే. అందుకే అక్కడ కాపీ కోసం షిఫ్ట్ కూడా కలపాలి.

నాలుగోది మన సొంతం: 3118. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో సి మీట నొక్కితే వచ్చే ‘మ’ యూనికోడ్ సంఖ్య అది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికంగా తెచ్చిన ఈ లేఅవుట్‌లో జెడ్, ఎక్స్, సి, వి మీటలు వరుసగా ఎత్వం, సున్న, మ, న అవుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన 128 గళ్లు 3072 దగ్గర మొదలవుతాయి. 3072కు 46 కలిపితే 3118. స్కాన్ కోడ్ కూడా 46 కావడం ఒట్టి కాకతాళీయం. పక్కనున్న వి మీట స్కాన్ కోడ్ 47 కాగా, ‘న’ స్థానం 40.

ఇక తప్పు ఎక్కడ జరుగుతుందో చూద్దాం. ‘కంట్రోల్ నొక్కి ఉందా, వచ్చిన అక్షరం సి యేనా’ అని అడిగే ప్రోగ్రామ్‌కు తెలుగులో ‘మ’ ఎదురవుతుంది. సి కాదు కాబట్టి ఊరుకుంటుంది. విండోస్‌తో వచ్చే తెలుగు లేఅవుట్‌లో అక్షరం మారినా మీట పేరు మారదు, 67గానే ఉంటుంది. 67 కోసం చూసే ప్రోగ్రామ్‌కు ఏ ఇబ్బందీ రాదు. లినక్స్ ఎక్స్11లో మాత్రం తెలుగు లేఅవుట్ పెడితే మీట పేరే 16780334 అయిపోతుంది. 16777216కు 3118 కలిపితే వచ్చిన అంకె అది. ప్రోగ్రాములు రాయడానికి వాడే జీటీకే, క్యూటీ వంటి టూల్‌కిట్లు దీన్ని ఊహించి, కంట్రోల్ ఉన్నప్పుడు ఇంగ్లిషు లేఅవుట్‌లో అదే మీట ఏమవుతుందో వెతుకుతాయి. పైథాన్‌లో చాలామంది మొదట నేర్చుకునే టికింటర్ మీద మాత్రం, తమ లేఅవుట్‌లో కంట్రోల్ సి పనిచేయదని రష్యన్ వాడుకరులకు పాత ఫిర్యాదే ఉంది. వాళ్ల లేఅవుట్‌లో సి మీట మీద ఉండే రష్యన్ అక్షరం చూడ్డానికి అచ్చం ఇంగ్లిషు సి లాగే ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు ఒకటి 1089, మరొకటి 99.

అలాగని ఎప్పుడూ 46నే పట్టుకుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. ఫ్రెంచి కీబోర్డులో మన జెడ్ చోట, అంటే 44లో, డబ్ల్యూ ఉంటుంది. చోటును నమ్మిన ప్రోగ్రామ్‌లో ఫ్రాన్స్ వాడుకరి కిటికీ మూయబోతే అన్‌డూ జరుగుతుంది. చోటు పనికొచ్చేది ఆటల్లో. అక్కడ 17, 30, 31, 32 మీటలు వేళ్లకు అందే తీరు ముఖ్యం, అక్షరం కాదు. రాతపనిలో పేరే ముఖ్యం.

కొత్త షార్ట్‌కట్ పెట్టాలన్నా లెక్క కావాలి. 26 అక్షరాలు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కలిపి వాడదగ్గ జోడింపులు ఆరు. మొత్తం 156. చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆల్ట్ ఒక్కటే ఉన్నవి మెనూలకు పోతాయి. కంట్రోల్, ఆల్ట్ కలిసినవి రెండు వరుసలు, షిఫ్ట్‌తోనూ, షిఫ్ట్ లేకుండానూ, ముట్టుకోకూడదు. ఎందుకో కింద చెబుతాను. ఆల్ట్ షిఫ్ట్ విండోస్‌లో భాష మార్చే జంట, తెలుగు రాసేవాళ్ల వేళ్లు రోజంతా దాని మీదే. మిగిలినవి 52. వాటిలో ఏ, సి, ఎఫ్, ఎన్, ఓ, పి, ఎస్, వి, ఎక్స్, వై, జెడ్‌లతో కంట్రోల్ జతలు 11 ఎప్పుడో స్థిరపడ్డాయి. చేతిలో ఉన్నవి 41.

కంట్రోల్ ఆల్ట్ సంగతి. చాలా లేఅవుట్లలో కుడి ఆల్ట్ నొక్కితే విండోస్ దాన్ని కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే చూస్తుంది. 2010లో రూపాయికి గుర్తు వచ్చాక, ఇండియా ఇంగ్లిషు లేఅవుట్‌లో దానికి దక్కిన చోటు కుడి ఆల్ట్‌తో 4. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో కంట్రోల్ ఆల్ట్ 4ను ‘నాలుగో రిపోర్ట్’కు కట్టేశారనుకోండి. ధర రాయబోయిన కొట్టు గుమస్తాకు ₹ బదులు రిపోర్ట్ తెరుచుకుంటుంది.

ఇంకో అంకె 229. విండోస్ 10కు 2019లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. ఇంగ్లిషు అక్షరాల్లో కొడుతుంటే తెలుగు పదాలు సూచిస్తుంది. ఇలాంటి పద్ధతిలో పదం ఇంకా తయారవుతుండగా ప్రోగ్రామ్‌కు అందేది అసలు మీట కోడ్ కాదు, 229. ‘ఈ మీట నా దగ్గరుంది, నువ్వు ఆగు’ అని దానర్థం. ఆగకుండా ఎంటర్ పట్టుకున్న చాట్ ప్రోగ్రాములు సగం మాటనే పంపేస్తాయి.

మీట వదలకపోతే? విండోస్‌లో వేగం గరిష్ఠంగా పెడితే సెకనుకు 30 సార్లు దాకా అదే మీట మళ్లీ వస్తుంది. కంట్రోల్ ఎస్ మీద వేలు రెండు సెకన్లు మరిచిపోతే ఫైలు యాభైసార్లు సేవ్ కావచ్చు. ప్రతి సందేశంలోనూ 30వ బిట్ ‘ఇది ముందే నొక్కి ఉంది’ అని చెబుతూనే ఉంటుంది. వినేవాళ్లు కావాలి.

ప్రోగ్రామ్ వెనక ఉన్నా పనిచేసే షార్ట్‌కట్లది మరో కథ. అక్కడ ముందొచ్చిన వాళ్లదే సీటు. వేరే ప్రోగ్రామ్ తీసుకున్న జతను మీరడిగితే విండోస్ 1409 అనే ఎర్రర్ ఇస్తుంది. దాన్ని వాడుకరికి చెప్పి, వేరే జత ఎంచుకోనివ్వాలి. చాలా ప్రోగ్రాములు ఆ ఎర్రర్‌ను గుటుక్కున మింగేస్తాయి.

1959లో శంకుస్థాపన జరిగిన నేటి ఎన్‌ఐటీ మొదలు 2020 జనవరిలో మడికొండలో తెరుచుకున్న ఐటీ ఆఫీసుల దాకా, వరంగల్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల కోసం ఈ ఊరి పేరులోనే ఒక పరీక్ష ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘వరంగల్’ రాయడానికి ఆరు మీటలు: బి, జె, ఎక్స్, ఐ, ఎన్, డి. వర్డ్‌లో ఈ ఆరింటికీ కంట్రోల్‌తో పనులున్నాయి: బోల్డ్, రెండంచులా సర్దడం, కట్, ఇటాలిక్, కొత్త ఫైలు, ఫాంట్ పెట్టె. మీ ప్రోగ్రామ్‌లో తెలుగు లేఅవుట్ ఆన్ చేసి ముందు ఊరి పేరు కొట్టండి. తర్వాత కంట్రోల్ పట్టుకుని అవే ఆరు మీటలు, అదే వరసలో.