సజ్జనుడి సత్రం

పేరులోనే మంచితనం ఉన్నవాడిని మీరు శంకించగలరా? సజ్జన్ అనే పేరుగల ఒకడు ముల్తాన్ ప్రాంతంలోని తులంబా వద్ద బాటసారులకు సత్రం నడిపేవాడని సిక్కుల జనమ్‌సాఖీలు చెబుతాయి. హిందువులకు గుడి, ముస్లిములకు మసీదు కట్టించాడు. ఆదరంతో ఆహ్వానించి, రాత్రివేళ అతిథుల ప్రాణాలు తీసి సొమ్ము దోచేవాడు. గమనించండి, వచ్చినవారి భక్తినే వలగా పన్నాడు!

గురునానక్ (1469-1539) రబాబు వాయించే మర్దానాతో అక్కడికి వచ్చారు. ముఖంలోని తేజస్సు చూసి సజ్జన్ ఆయనను ధనవంతుడనుకున్నాడట. రాత్రి విశ్రమించమని కోరితే, ఒక్క కీర్తన పాడి పడుకుంటామన్నారు గురువు. సూహీ రాగంలోని ఆ కీర్తన గురుగ్రంథ సాహిబ్‌లో ఉంది. రుద్దితే మసి వదిలే తళతళల కంచు, తీర్థంలో నిలిచి ప్రాణులను మింగే తెల్లని కొంగ, ఎంత ఎదిగినా ఫలం పనికిరాని బూరుగు చెట్టు అందులో దర్శనమిస్తాయి. మనం కొంగజపం అంటామే, అదే. ఆ పాట తన గురించేనని గ్రహించిన సజ్జన్ గురువు పాదాలపై పడ్డాడు.

కథ అక్కడితో ఆగితే కన్నీటితో పాపం కడిగేసుకున్నట్లే అయ్యేది. గురువు అంత తేలికగా వదలలేదు. చేసిన హత్యలన్నీ దాచకుండా చెప్పమన్నారు. దోచిన సొమ్మంతా తెచ్చి దైవం పేరిట పంచిపెట్టమన్నారు. క్షమ కోరినవాడిని లెక్క అప్పజెప్పమనడమే, నా దృష్టిలో, ఈ కథకు ప్రాణం. సజ్జన్ అలాగే చేశాడు. తర్వాత అక్కడే ధర్మశాల వెలసింది. సిక్కు సంప్రదాయం దాన్నే తొలి ధర్మశాలగా చెప్పుకుంటుంది.