మాజీ సైనికులకు మనం ఇచ్చే గౌరవం



1949 నుంచి మన దేశంలో డిసెంబరు 7వ తేదీని సాయుధ దళాల పతాక దినంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు చిన్న జెండా గుర్తు పెట్టుకుని తోచినంత చందా ఇస్తాం. అది యుద్ధంలో భర్తను కోల్పోయినవారికి, గాయపడినవారికి, మాజీ సైనికుల సంక్షేమానికి ఉపయోగపడుతుంది.

మన తెలుగువారికి సైన్యంతో బంధం పాతదే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని 'మిలిటరీ మాధవరం' అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్లారు. వారి జ్ఞాపకార్థం ఊళ్లో స్మారకం కట్టుకున్నారు. స్మారకం, పూలదండ మంచివే. అయితే తిరిగివచ్చి మన మధ్య ముసలివారవుతున్న వారికి ఇంకొంచెం ఎక్కువ కావాలి.

మేము వార్డులో చూసేది

మాజీ సైనికులు నొప్పి చెప్పరు. "ఏం లేదు సిస్టర్" అంటారు. తుపాకుల మోతలో ఏళ్లు గడిపిన కొందరికి వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకరని ఇంట్లోవాళ్లు కోపం అనుకుంటారు. మంచు ప్రాంతాల్లో పనిచేసి పాదాలు దెబ్బతిన్నవారికి షుగరు కూడా తోడైతే చిన్న పుండు కూడా ప్రమాదమే. రోజూ రాత్రి పాదాలు చూడాలి.

కొందరు నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు. పెళ్లిలో టపాకాయలు పేలితే వణికిపోతారు. ఇది పిచ్చి కాదు, దయ్యం పట్టడమూ కాదు. యుద్ధం మనసుకు చేసిన గాయం. దీనికి వైద్యం ఉంది. ప్రార్థన చేయించండి, డాక్టరుకూ చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇంట్లో శుభకార్యమైతే మిలిటరీ క్యాంటీన్ రమ్ము తెచ్చిపెట్టమని మనలో చాలామంది వారినే అడుగుతాం. నిద్ర పట్టక తాగుడు మొదలుపెట్టిన మనిషి చేతికి మళ్లీ సీసా అందించేది ఆ మాటే. దయచేసి అడగవద్దు. రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి.

కాగితాల సంగతి

పెన్షన్ పొందే మాజీ సైనికులకు, వారి మీద ఆధారపడినవారికి 2003 ఏప్రిల్ నుంచి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఉంది. కార్డు చేయించుకోవాలి. అత్యవసరంలో జాబితాలో లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోపు దగ్గరి ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌కు తెలియజేయాలి.

పెన్షన్ లేక, 65 ఏళ్లు దాటి, హవల్దారు లేదా అంతకన్నా చిన్న ర్యాంకులో పనిచేసి పేదరికంలో ఉన్నవారికి, అలాంటివారి విధవరాండ్రకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలనెలా సహాయం ఉంది. వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి.

మన సంఘాల్లో ఒక చిక్కు ఎక్కువగా వస్తుంది. డిశ్చార్జి బుక్కులో భార్యకు పెళ్లినాటి పేరు, ఆధార్‌లో బాప్తిస్మపు పేరు ఉంటాయి. భర్త పోయాక ఆ తల్లి కుటుంబ పెన్షన్ అక్కడే ఆగుతుంది. భర్త బ్రతికి ఉండగానే పేరు సరిచేయించుకోండి.

సంఘంగా మనం చేయగలిగినవి

1. మన సంఘంలోని మాజీ సైనికుల పేర్లు, సైనికుల విధవరాండ్ర పేర్లు రాసి పెట్టుకుని, ఆరాధనలో పేరుపేరునా ప్రార్థన చేద్దాం.

2. ఏడాదికోసారి పెన్షనుకు జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. మంచం పట్టినవారు మరచిపోతే పెన్షన్ ఆగుతుంది. ఇది ఫోనులోనే ఇంటి దగ్గర చేయవచ్చు. యవనస్థులు ఈ పని చూడాలి.

3. స్త్రీల సమాజం వారు నెలకోసారి ఇంటికి వెళ్లి పలకరించండి. మందులు వేసుకుంటున్నారా, పాదాలు బాగున్నాయా చూడండి.

4. కార్యాలయానికి వెళ్లలేని తల్లికి ఒకరు తోడు వెళ్లండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జి బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం మరువవద్దు.

తన దాసుడు జబ్బుపడితే ప్రభువును వేడుకున్న శతాధిపతి కూడా ఒక సైనికుడే. తన క్రింద ఉన్నవాని బాధ ఆయన పట్టించుకున్నాడు. మన కోసం కాపలా కాసినవారి బాధ మనమూ పట్టించుకుందాం. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.