నల్లరేగడిలో కొయ్యస్తంభాల ఇళ్లు

మదురై దాటి కన్యాకుమారి రోడ్డు పట్టుకుంటే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా తగుల్తాయి. ఈ ప్రాంతమంతా నల్లరేగడి. తమిళంలో 'కరిసల్' అంటారు. పత్తి, సజ్జ, మినుము పండే ఈ ఊళ్లలో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు తరతరాలుగా ఉంటున్నారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. వాళ్ల తాతలు కట్టిన కొయ్యస్తంభాల ఇళ్లు మాత్రం ఒకటొకటిగా కనుమరుగవుతున్నాయి.

గోడ పగిలినా కప్పు నిలిచేది

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద కట్టిన గోడ కదలక తప్పదు. కప్పు బరువు గోడ మీదే ఉంటే గోడతోపాటు అదీ దెబ్బతింటుంది. కొయ్య ఇంట్లో లెక్క వేరు. బరువు దంతెల నుంచి దూలాలకు, దూలాల నుంచి స్తంభాలకు దిగుతుంది. గోడ ఉన్నది ఎండావానలకు అడ్డంగానే. పగిలితే మట్టి మెత్తుకుంటే సరి. కొయ్యను కొయ్యలో దిగేసి కూర్చిన అతుకులు కూడా నేల కదిలినప్పుడు కాస్త సర్దుకుంటాయి. తడి ఎక్కకుండా స్తంభం అడుగున రాతి దిమ్మె వేసేవారు.

కలిగినవాళ్లు టేకు తెప్పించుకునేవారు. మిగతావాళ్లకు వేప, తాటి. ముదురు తాటిమాను పైభాగం నల్లగా, ఇనుములా ఉంటుంది. లోపలిది మెత్తన. అందుకే మానును నిలువునా చీల్చి, మెత్తటి భాగం తీసేసి దూలాలకు, వాసాలకు వాడతారు.

రాయలసీమ మిద్దెల్లో పెరిగినవాళ్లకు ఇదంతా తెలిసిన పనే. అక్కడా స్తంభాలు, దూలాలు, దంతెలు, పైన మట్టికప్పు. నంద్యాల, కోవిల్‌పట్టి... రెండుచోట్లా నల్లరేగడే. నేల ఒకటైతే ఇంటి ఉపాయమూ దగ్గరగానే ఉంటుంది.

నవలకెక్కిన వలస

మదురైలో 1529లో విశ్వనాథ నాయకుడితో నాయకరాజుల పాలన మొదలైంది. ఆ కాలంలో తెలుగువాళ్లు ఇటు చాలామంది వచ్చారు. పాలెగాళ్ల కోటల్లో పాంచాలంకురిచ్చిని ఆంగ్లేయులు నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ కనిపించేది 1974లో కట్టిన స్మారకం.

రైతు కుటుంబాల వలసను కథగా చెప్పింది కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన ఆయన ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. 'గోపల్ల గ్రామం' నవల ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన కమ్మవారి కథే. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన కన్నుమూస్తే, 2022లో తమిళనాడు ప్రభుత్వం కోవిల్‌పట్టిలో స్మారకం తెరిచింది. ఆయన రాసిన జనం బతికిన ఇళ్లకు అలాంటి దిక్కు లేదు.

అమ్మేముందు ఒక్కమాట

అన్నదమ్ములు పంచుకుంటే ఇల్లు ముక్కలవుతుంది. పిల్లలు చెన్నై, కోయంబత్తూరు చేరితే తాళం పడుతుంది. కురిసే కప్పును పట్టించుకునేవాళ్లుండరు. పాత కొయ్యకు మంచి ధర వస్తుందంటే ఇక చెప్పేదేముంది?

ఉంచుకోవాలనుకుంటే ముందు కప్పు కురవకుండా చూసుకోవాలి. మట్టిగోడకు సిమెంటు పూయొద్దు. తడి లోపలే నిలిచి గోడ చెడుతుంది. సున్నమో, మట్టో మేలు.

కొయ్య ఇంటిని విప్పి మరోచోట నిలబెట్టవచ్చు కూడా. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్రలో చెట్టినాడు వర్తకుడి ఇల్లు అలా తెచ్చి కట్టిందే. ఒకప్పటి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం నేతకారుల ఇల్లు, కోస్తా చుట్టిల్లు కూడా అక్కడ చూడొచ్చు.

రెండూ కుదరకపోతే, పడగొట్టేముందు ఇల్లు కొలిచి, ఫొటోలు తీసి పెట్టండి. ఏ కొయ్యను ఏమంటారో అవ్వను అడిగి రాసుకోండి. దూలం, దంతె, వాసం, తిన్నె అన్న మాటలు పిల్లలకు చూపించి చెప్పడానికి ఇంకో ఇల్లు ఉండదు.