దర్గాకు వెళ్లినా మందు మానకండి

మనిషి ఉలుకూ పలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోయినా, నిద్ర మాని తెల్లవార్లూ మాట్లాడుతూనే ఉన్నా, నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో ముందు వినపడేది ‘గాలి సోకింది’ అనే మాటే. వెంటనే ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్లి నిద్ర చేయిస్తారు. హిందువులూ ముస్లింలూ అందరూ వెళ్తారు. ఆ నమ్మకాన్ని తప్పుపట్టను. వైద్యం వాయిదా పడటమే నా బాధ.

అపోహ: ఇది గాలి, లేదా చేతబడి.

వాస్తవం: రోజంతా దిగులు, దేనిమీదా మనసు పోకపోవడం, నిద్రా ఆకలీ చెడటం రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. వారానికి పైగా పట్టరాని హుషారు, రెండు గంటల నిద్రతోనే ఉరకలు, అప్పుచేసి మరీ ఖర్చు ఉంటే మేనియా. అది వచ్చినవాళ్లకు ఉన్న జబ్బు బైపోలార్. ఇవన్నీ మూడ్ డిజార్డర్లే. ఇవి విడతలుగా వస్తాయి, కొన్నాళ్లకు వాటంతటవే తగ్గనూవచ్చు. దర్గాలో ఉండగా తగ్గితే దయ్యం వదిలిందనుకుంటాం. మళ్లీ వస్తే పక్కింటివాళ్లు ఏదో చేయించారని అనుమానిస్తాం. ఈ అనుమానాలతో విడిపోయిన బంధుత్వాలు ఎన్నో.

అపోహ: డాక్టర్లు ఇచ్చే మందులు మత్తుబిళ్లలు, మొదలుపెడితే వదలవు.

వాస్తవం: డిప్రెషన్ మందులు వ్యసనం కావు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే మానేయడం వల్లే చాలామంది నష్టపోతున్నారు. బైపోలార్‌కు వాడే లిథియం మేలును జాన్ కేడ్ అనే డాక్టరు 1949లోనే లోకానికి చెప్పాడు. దాన్ని ఏళ్ల తరబడి, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి.

అపోహ: కట్టేస్తేనే అదుపులో ఉంటారు.

వాస్తవం: 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక షెడ్డు తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది.

గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఇంకో దారి చూపింది. అక్కడ 2008లో మొదలైన ‘దవా–దువా’ (మందు–ప్రార్థన) పద్ధతిలో దర్గాను చూసుకునే ముజావర్లే భక్తులను డాక్టరు దగ్గరికి పంపుతారు. ఏఎస్ పేటకు సరిపోయే దారి అదే.

ఇంట్లో ఎవరైనా ‘చావాలనుంది’ అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలను ఇంట్లోంచి తీసేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.